వేదిక మీద చెప్పాల్సిన సెలవు

గత బుధవారం ఉదయం ఆఫీసులో ఉండగా ఖాజా ఫోన్ చేశాడు. ఖాజా మా బ్యాండులో డ్రమ్ములు వాయిస్తాడు. ఆ వేళప్పుడు అతని ఫోనంటే మా వీడ్కోలు కచేరీ గురించే అయి ఉంటుందనుకుని విసుగ్గానే ఎత్తాను.

“ఏంది ఖాజా, మళ్ల వాయిదానా?”

“కాదు భాయ్. రత్నాకరన్న పోయిండు. ఆఫీసు మెట్లెక్కుతుంటె కూలబడ్డడంట. దవాఖానకు తీస్కపోయే లోపలనే అయిపోయింది.”

మా గాయకుడు, మా నలుగురిలో పెద్దవాడు, జోసెఫ్ రత్నాకర్ గారు ఇక లేరన్న వార్త నాకు అలా చేరింది. ఇలాంటి సందర్భంలో దిగ్భ్రాంతి అనీ, అశనిపాతం అనీ రాస్తారు. నాకు ముందుగా కలిగింది సిగ్గు. మనిషి పోయిన కబురుకు నేనిచ్చిన పలకరింపు ‘మళ్ల వాయిదానా’ అన్నది. ఆ సిగ్గు వారం గడిచినా వదలలేదు. రాసే ఓపిక కూడా పెద్దగా లేదు. ఆయన్ని ఎరిగినవారు అడిగారు కాబట్టి, ఎరగనివారు ఎరగాలి కాబట్టి రాస్తున్నాను.

మా బ్యాండు పేరు ‘తుప్పు’. మాదాపూర్‌లో ఈ అద్దాల మేడలు లేవకముందు, ఇక్కడ బండల మధ్య మేకలు మేసే రోజుల్లో నలుగురం కుర్రవాళ్ళం కలిసి పెట్టుకున్న హార్డ్ రాక్ బ్యాండు. ఒంగోలు నుంచి వచ్చిన రత్నాకర్ గారు గాయకుడు. కాకినాడ శ్రీనివాస్ బేస్ గిటార్. శేరిలింగంపల్లి ఖాజా డ్రమ్ములు. కొండాపూర్‌లోనే పుట్టి పెరిగిన నేను గిటార్. ఇరవై ఏళ్ళ వయసులో ఆ పేరు వేషం కోసం పెట్టుకున్నాం. నలభై దాటి, మోకాళ్ళు కలుక్కుమనడం మొదలయ్యాక పేరు సార్థకమైంది.

రత్నాకర్ గారి కంఠం మేఘగర్జన. ఆ గర్జన చేసే మనిషి స్వభావం మాత్రం అతి సౌమ్యం. చిన్నా పెద్దా లేకుండా అందరినీ ‘అండీ’ అనేవారు. ఆయనకంటే అయిదేళ్ళు చిన్నవాణ్ణి నేను. ఇరవై ఏళ్ళ స్నేహంలో నన్ను ఒక్కసారీ ‘నువ్వు’ అనలేదు. పాట చివర వేదిక అదిరిపోయేలా అరిచి, చప్పట్లు ఆగకముందే పక్కకు తిరిగి, “కాస్త మంచినీళ్ళు అందుకుంటారాండీ” అని అడిగేవారు. వారమంతా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు పాఠాలు చెప్పడం, శనివారం మాతో అరవడం, ఆదివారం చర్చిలో గాయకబృందాన్ని నడిపించడం. ఒకే గొంతుతో ఈ మూడూ ఎలా చేస్తున్నావన్నా అంటే, “మూడుచోట్లా వినేవాళ్ళు నిద్రపోకుండా చూడ్డమే కదండీ పని” అనేవారు.

ఆయన పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఇప్పుడు ఎవరి వాద్యం వాళ్ళు విడిగా వాయిస్తే కంప్యూటరులో కలుపుతున్నారు. ఆయన ఒప్పుకునేవారు కాదు. నలుగురం ఒకే గదిలో, ఒకేసారి వాయించాలి. ఎవరైనా తప్పితే అందరూ మొదటినుంచీ అందుకోవాలి. తప్పిందెవరో అడగడానికి వీల్లేదు. “ఎవరిదని అడక్కూడదండీ. మళ్ళీ మొదలెట్టడమే,” ఇదీ ఆయన మాట. ఈ పద్ధతి వల్ల మా ఆల్బంలు తక్కువ, మా స్నేహం ఎక్కువ అయ్యాయి.

తెలంగాణ ఉద్యమం వచ్చాక ఆ మాట మా మధ్య చెల్లలేదు. కొండాపూర్‌లో ఒక అపార్టుమెంటు సెల్లారులో, చప్పుడు బయటికి పోకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించుకున్న గదిలో మా సాధన జరిగేది. అక్కడే ఒకరోజు నాకూ శ్రీనివాస్‌కూ మాటా మాటా పెరిగింది. ఈ నగరాన్ని ఎవరు కట్టారన్న దగ్గర మొదలై, ‘మీవాళ్ళు’, ‘మావాళ్ళు’ దాకా వెళ్ళింది. రత్నాకర్ గారు అలవాటుగా, “ఎవరిదని అడగొద్దండీ” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“అడగాలన్నా. గీ ముచ్చట్ల అడగాల్సిందే. ఇరవై ఏండ్ల సంది మీ మాటల్ల పాడుతున్నం. నా మాటల్ల ఒక్క పాటన్న ఉన్నదా?”

ఆయన చేతిలోని మైకు స్టాండుకు తగిలించారు. తర్వాత, “లేదండీ. అది నా తప్పే. మీరు రాయండి,” అన్నారు. తప్పు ఫలానావారిదని ఆయన నోట విన్నది ఆ ఒక్కసారే. శ్రీనివాస్ మాత్రం బేస్ గిటార్ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సాధనకు వచ్చేవాడుగాని నాతో మాట్లాడేవాడు కాదు. నేనూ మాట్లాడలేదు.

అందరం అలిసిపోయి ఉన్నాం. రోజుకో బంద్, రోజుకో వాదం, ఆఫీసు క్యాంటీన్లో కూడా ఎవరి బల్ల వాళ్ళది. అలాంటి సమయంలో రత్నాకర్ గారే వీడ్కోలు ఆల్బం మాట ఎత్తారు. “నా గొంతు ఇంకెన్నాళ్ళో రాదండీ. చెడిపోయాక మానేకంటే ఉండగానే సెలవు తీసుకుందాం.” ఆల్బంకు ‘సెలవండీ’ అని పేరు కూడా ఆయనే పెట్టారు. హార్డ్ రాక్ ఆల్బంకు ఇంత మర్యాదైన పేరు మరెక్కడా ఉండదని ఖాజా నవ్వాడు.

నేను రాసిన పాట అందులో చివరిది. చిన్నప్పుడు మా నాయన సైకిల్ మీద నన్ను కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిన తోవ, ఇప్పుడు గేటూ కాపలావాడూ వచ్చిన తోవ, దాని గురించి. రత్నాకర్ గారు నన్ను మైకు పక్కన నిలబెట్టి, ప్రతి మాటా నాచేత పదిసార్లు పలికించుకుని నేర్చుకున్నారు. రెండు వారాలు శ్రమపడ్డారు. చివరికి పాడి, విని, తల అడ్డంగా ఊపారు.

“మీ మాటలో చెప్పాలంటే, పాట నా నోట్లో కిరాయికున్నట్టుందండీ. మీరే పాడండి.”

“నాతోని కాదన్నా. నేనెన్నడు పాడిన?”

“నేను వెనకాల అందుకుంటాను. పాడండి.”

పాడాను. మూడో చరణంలో గొంతు జీరపోయింది. అలవాటు ప్రకారం మొదటినుంచీ అందుకోబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. “ఉంచేద్దామండీ. బాగుంది. నాకూ ఓపిక లేదు.” ఓపిక లేదని ఆయన అనగా మేమెవరమూ అంతకుముందు వినలేదు. విన్నప్పుడైనా ఆగి అడగవలసింది.

ఆల్బం వచ్చింది. కాని ఆయన మనసులో పని పూర్తి కాలేదు. “సీడీలో చెబితే సెలవు చెప్పినట్టు కాదండీ. ఎదురుగా నిలబడి చెప్పాలి. రాష్ట్రాలు రెండవుతాయో ఒకటే ఉంటుందో పెద్దవాళ్ళు చూసుకుంటారు. మనం నలుగురం ఒక వరుసలో నిలబడి, జనానికి దణ్ణం పెట్టి దిగుదాం. నాకదొక్కటే కోరిక,” అన్నారు. గచ్చిబౌలిలో ఒక చిన్న హాలు మాట్లాడారు. మొదటి తేదీ బంద్‌లో పోయింది. రెండో తేదీకి అనుమతి రాలేదు. మూడో తేదీ పోవడానికి కారణం నేను.

ఆ శనివారం మా ఐటీ ఉద్యోగులం హైటెక్ సిటీ రోడ్డు పక్కన వంటా వార్పు పెట్టుకున్నాం. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం ఆ నిరసన పద్ధతి. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. “అన్నా, నేను రాను. జనమంత రోడ్డు మీద కూసుంటే, నేను లైట్ల కింద గిటార్ వాయించుడు నాతోని కాదు.” “సరేనండీ,” అన్నారు. పన్నెండింటికి చూస్తే ఆయనే, తెల్లచొక్కా చేతులు మడుచుకుని, ఆడవాళ్ళ పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు.

మా ఆఫీసులో ఊడ్చే మల్లమ్మ అడిగింది. “ఏ ఊరు బిడ్డా నీది?”

“ఒంగోలండీ.”

చుట్టూ మాటలు ఆగిపోయాయి. మల్లమ్మే మళ్ళీ అందుకుంది. “ఒంగోలైతే ఏంది? జర సన్నగ కొయ్యి. గిట్ల కోస్తె పప్పుల తేలుతయి.”

“అలాగేనండీ,” అని ఆయన సన్నగా కోశారు.

తిన్నాక డివైడర్ మీద పక్కపక్కన కూర్చున్నాం. “నేను మీ ఉద్యమానికి రాలేదండీ, మీకోసం వచ్చాను. రాష్ట్రం సంగతి నాకింకా తేలలేదు. పప్పు మాత్రం బాగుంది,” అన్నారు. నాలుగింటికల్లా గిన్నెలు కడిగేశారు, జనం లేచారు. అప్పుడు గడియారం చూసుకుని, “హాలు ఇంకా మన పేరు మీదే ఉందండీ. ఆరింటికి,” అన్నారు. హాలు అక్కడికి ఇరవై నిమిషాల దూరం. నా గిటార్ ఆయన కారులోనే ఉంది.

“ఇంకోసారి చూద్దామన్నా,” అన్నాను.

ఉద్యమం పేరు చెప్పాను కానీ, అప్పటికి ఉద్యమం పని అయిపోయింది. శ్రీనివాస్ పక్కన నిలబడటం ఇష్టం లేక వెళ్ళలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా అడగలేదు. “అలాగేనండీ, ఇంకో తారీఖు చూస్తాను,” అని లేచి, మోకాలు పట్టుకుని నెమ్మదిగా నడిచి వెళ్ళారు.

భూస్థాపన నాడు సమాధి దగ్గర శ్రీనివాస్ నా భుజం పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇద్దరం చేయవలసిన పనే చేశాం, చేయవలసినప్పుడు చేయలేదు.

నిన్న ఆదరణ కూడిక, అంటే సంతాప ప్రార్థన, అయ్యాక రత్నాకర్ గారి భార్య విమల వదిన నన్ను పక్కకు పిలిచారు. వదిన నర్సు, ఎదుటివారి దగ్గర గొంతు వణకనివ్వని మనిషి. “నర్సింహ గారూ, ఆయన ఫోన్‌కి హాలు వాళ్ళు చేశారండీ. వచ్చే శనివారానికి మాట్లాడి ఉంచారట, నాకూ తెలీదు. ఉందా, తీసెయ్యమంటారా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?”

నేను ఖాజా వైపు చూడలేదు, శ్రీనివాస్‌ను అడగలేదు. “వస్తున్నమని చెప్పు వదినా,” అన్నాను. ఆమె ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని, “సరేనండీ,” అన్నారు.

కాబట్టి వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి ముగ్గురం నిలబడతాం. ఆయన పాటలన్నీ నేనే పాడతాను. ఇటువంటి వ్యాసాల చివర ‘ఆయన లేని లోటు తీరనిది’ అని రాస్తారు. వచ్చినవారు ఆ లోటును చెవులారా వింటారు, పాడేది నేను కనుక. అన్నా, ఈసారి నా వల్ల వాయిదా పడదు.