అంగుళం మాస్టారు బిగించిన కోటు

వదులు బట్ట వేసుకుని ఎవరైనా కొట్టు ముందు నుంచి వెళితే అంగుళం మాస్టారికి ఒళ్ళు మండిపోయేది. ముక్కూ మొహం తెలియని మనిషైనా సరే, మెడలో టేపు సర్దుకుంటూ గుమ్మందాకా వచ్చి, "ఎవరండీ కుట్టింది? మీకు కుట్టాడా, మీ బీరువాకి కుట్టాడా?" అని అడిగేసేవాడు. కొందరు నవ్వి లోపలికొచ్చేవారు, కొందరు మొహం మాడ్చుకుని పోయేవారు. లోపలికొచ్చినవాళ్ళు మాత్రం మళ్ళీ ఇంకో దర్జీ గడప తొక్కేవారు కాదు. చంక కింద పావు అంగుళం తేడా వస్తే కంటితోనే పట్టేసే మనిషి. ఆ పేరు ఊరికే రాలేదు.

అలాంటివాడికి దొరికిన ఇల్లాలికేమో ఒంటిమీద ఏముందో అద్దంలో చూసుకునే అలవాటే లేదు. ఆవిడ నర్సు. మందుల పెట్టె మోటార్‌సైకిల్ వెనక కట్టుకుని, పొద్దున్నే కొండదారి పట్టి, ఇరవై ఆరు కిలోమీటర్లు ఎక్కి, మంచాన ఉన్న ముసలివాళ్ళకి కట్లు మార్చి, పసిపిల్లలకి టీకాలు వేసి, సాయంత్రానికి దిగివచ్చేది. చలికాలం వస్తే డౌన్ జాకెట్లు రెండు, ఒకదాని మీద ఒకటి తొడిగేది. డౌన్ అంటే బాతుల మెత్తటి నూగు ఈకలు. వాటిని గళ్ళు గళ్ళుగా కుట్టిన గుడ్డలో నింపుతారు. మాస్టారు వాటిని ఈకల కోట్లు అనేవాడు. లోపలిది పల్చటిది, ఆవిడ కొనుక్కున్నది. పైది బాగా లావుది, ఆవిడ అన్నయ్య వాడి ఇచ్చింది. ఆ అన్నయ్యదేమో ఆజానుబాహు విగ్రహం. ఇంక చెప్పేదేముంది, చేతులు వేళ్ళ మీదికి, అంచు మోకాళ్ళ మీదికి వచ్చేవి.

ఒకరోజు ఆవిడ బండి స్టార్ట్ చేసి వెళ్ళగానే ఎదురుగా మందులషాపాయన షట్టర్ ఎత్తుతూ, "మాస్టారూ, మీ ఇంట్లో పరుపుకి కాళ్ళొచ్చాయే!" అన్నాడు. ఆయన సరదాకే అన్నాడు. మాస్టారికి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ అమరినట్టు కుట్టేవాడి పెళ్ళాం పరుపు చుట్టుకుని తిరగడమా!

ఆ ఆదివారం లావు కోటు పట్టుకెళ్ళి బల్ల మీద పరిచాడు. ఈకల కోటు కోయడమంటే మాటలు కాదు. కత్తెర పడితే చాలు, నూగంతా గాలిలోకి లేస్తుంది. ఒక్కో గడినీ విడిగా విప్పి, ఈకల్ని పెన్సిలు మొనతో లోపలికి తోసి, అన్నిటికంటే సన్నసూదితో కుట్టుకుంటూ వచ్చాడు. చెరో పక్కా రెండున్నర అంగుళాలు లోపలికి తీశాడు. చేతులు సన్నం చేశాడు. లోపల మడతకి అంగుళం బట్ట వదలనివాడు దర్జీయే కాదని అందరికీ పాఠం చెప్పే మనిషి, దీనికి మాత్రం ఆ మడత కూడా ఉంచలేదు. ఉంచితే పక్కన ఉబ్బుగా కనిపిస్తుందని కోసి పారేశాడు. నాలుగు రోజులు పట్టింది. వారందాకా కొట్టుకొచ్చినవాళ్ళందరూ తుమ్ముతూనే ఉన్నారు.

కొట్టులో నిలువుటద్దం ముందు ఆవిడని నిలబెట్టి, పల్చటి కోటు మీద దాన్ని తొడిగించి, జిప్పు తనే మెడదాకా లాగాడు. "ఊపిరి పీల్చు" అన్నాడు. పీల్చింది. "చూశావా? ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అన్నాడు. ఆవిడ అద్దంలో తనని కాక ఆయన్నే కాసేపు చూసి, "చాలా బావుందండీ" అంది.

ఆ కోటుతోనే పదకొండు చలికాలాలు కొండెక్కి దిగింది.

మాస్టారు ఏమీ చూడలేదా అంటే, కోటు మాత్రం చూశాడు. ఇంటికి రాగానే విప్పకుండా పొయ్యి దగ్గర గంటసేపు ఆవిడ కూర్చుంటే, కోటు మీద అంత మోజనుకుని మురిసిపోయాడు. ఒకసారి ఛాతీ దగ్గర పాత పేపర్లు మడిచి కుక్కుకుందని కనిపెట్టి, "అదేమిటి, నా కుట్టంతా ఎత్తుగా వచ్చేస్తోంది! ఎవరైనా చూస్తే నా పనితనం ఏమనుకుంటారు?" అని చెడామడా తిట్టాడు. మర్నాటి నుంచి పేపర్లు లేవు. తర్వాత తర్వాత ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ కోసింది ఆ పేపర్ల సంగతే.

ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ ముందు తెల్లగా పాలిపోయేవి. తర్వాత తిమ్మిరి. ఆ తర్వాత స్పర్శే పోయింది. క్లచ్ మీద వేళ్ళు ఉన్నాయో లేవో చూసుకుంటే గాని తెలిసేది కాదు. ఏళ్ళ తరబడి చలి తగిలితే ఒక్కొక్కరికి ఇలా అవుతుందన్నాడు డాక్టరు. పోయినేడు ఆవిడ బండి తాళాలు కొత్త నర్సుకి ఇచ్చేసి ఆసుపత్రిలో చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చుంది. కొండమీది ముసలివాళ్ళు దిగివచ్చినప్పుడల్లా ఆవిడ దగ్గరే ఆగి, "మీరు రావడం మానేశారేంటమ్మా?" అంటే నవ్వి ఊరుకునేది. మాస్టారు కొండని తిట్టాడు, ఆ డ్యూటీ వేసిన అధికారిని తిట్టాడు, బండి చేసిన కంపెనీని తిట్టాడు. తిట్టవలసిన మనిషి ఒక్కడే మిగిలిపోయాడు.

ఈ చలికాలం మొదట్లో ఒక సర్వేయరు వచ్చాడు. అతనూ మోటార్‌సైకిల్ మీద కొండలు తిరిగేవాడే. లావు ఈకల కోటు బల్ల మీద పెట్టి, "మాస్టారూ, దీన్ని కాస్త వదులు చెయ్యాలి" అన్నాడు.

మాస్టారు పకపకా నవ్వాడు. "వదులా? ఇప్పటికే ఇందులో మీరూ పడతారు, మీ మామగారూ పడతారు!"

"అలా కాదండీ, లోపల ఇంకోటి వేసుకోవాలి" అంటూ సర్వేయరు సంచిలోంచి పల్చటి కోటు తీసి, రెండు అరచేతుల మధ్య అదిమిపట్టాడు. "చూడండి, ఏం మిగిలింది? వెచ్చదనం ఈకల్లో లేదు మాస్టారూ. వాటి మధ్య నిలిచే గాలిలో ఉంది. పైకోటు బిగుతైతే లోపలిదీ అణిగిపోతుంది, పైదీ అణిగిపోతుంది. రెండు తొడుక్కున్నా ఒక్కదాని పని కూడా చెయ్యవు. అలా బండెక్కితే చలి ఛాతీకి పట్టేస్తుంది. ఛాతీ చల్లబడిందంటే ముందు పోయేది వేళ్ళే."

"వేళ్ళా?" అన్నాడు మాస్టారు.

సర్వేయరు చేతులు వదిలాడు. అణిగిన కోటు బల్ల మీద మెల్లగా లేచి నిండుగా ఉబ్బింది. మాస్టారు దానివంకే చూస్తూ కొయ్యబారిపోయాడు. ఆ రోజు రాసుకున్న కొలతలు రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాడు. మధ్యాహ్నానికే కొట్టు కట్టేశాడు.

ఆవిడకి ఆ రోజు సెలవు. కిటికీ దగ్గర ఎండలో కూర్చుని వేడినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"ఆ కోటు వెచ్చగా ఉండేదా?" అన్నాడు గుమ్మంలోంచే.

"ఏ కోటండీ?"

"ఏ కోటో నీకు తెలుసు."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఇప్పుడెందుకండీ అదంతా?"

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటిరోజే. కొండ మొదటి మలుపు తిరిగేసరికే."

"మరి చెప్పవేం? నోరు లేదా నీకు?"

"చెబుదామనే వచ్చాను. మీరేమో గుమ్మంలో నిలబడి, మందులషాపాయన్ని కేకేసి పిలిచి మరీ నన్ను చూపించారు. అంత సంతోషంగా మిమ్మల్ని మన పెళ్ళిలో కూడా చూడలేదు. తర్వాత చెబుదాంలే అనుకున్నా. ఈలోగా చలికాలం అయిపోయింది. మరుసటి చలికాలం చెబితే, పోయినేడు ఎందుకు చెప్పలేదంటారు. అలా అలా..."

"ఇంకోటి కొనుక్కోవచ్చుగా?"

"కొంటే మీరు ఊరుకుంటారా? దాన్నీ బిగించేవారు." అని ఆవిడ నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు. ఏ మొహం పెట్టుకుని నవ్వుతాడు?

కోటు మళ్ళీ బల్లకెక్కింది. వదులు చేద్దామంటే లోపల మడత బట్ట లేదు. తనే కోసి పారేశాడాయె. చివరికి ఏదో పాత గుడారం గుడ్డ సంపాదించి, తన దిండు విప్పి ఈకలు తీసి, పక్కలకీ చేతుల కిందా పట్టీలు చేసి వేశాడు. నీలం కోటుకి బూడిదరంగు అతుకులు. ఆయన చేతిమీదుగా అంత వికారమైన వస్తువు ఎన్నడూ బయటికి రాలేదు. పైగా ఈసారి టేపు తీయలేదు. "ఇంకా వదులు కావాలా?" అని ఆవిడని మూడుసార్లు అడిగాడు.

పల్చటిదాని మీద దాన్ని తొడుక్కుని, ఆవిడే వెళ్ళి వీధితలుపు తీసింది. పొద్దుటి గాలి రివ్వున లోపలికొచ్చింది. మందులషాపాయన షట్టర్ ఎత్తుతూ చూశాడు. ఆవిడ గుమ్మంలో అలాగే నిలబడింది. కాసేపటికి జిప్పు మెడ దగ్గర కొంచెం కిందికి లాక్కుంది.

"ఇంత వెచ్చగా ఉంటుందా ఇది!" అంది.

నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. మాస్టారు క్షమించమని అడగబోయాడు. ఇంతలో కొత్త నర్సు అటుగా బండి మీద వెళుతూ చెయ్యి ఊపింది. ఆవిడ కుడిచెయ్యి ఎత్తి ఊపి, బండి కొండవైపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయింది.

మాస్టారు పక్కనే నిలబడి, ఆవిడ ఎడమచేతి చివరి రెండు వేళ్ళని తన చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా ఉన్నాయి. మెల్లగా నొక్కాడు.

ఆవిడ దారివంక చూస్తూనే ఉంది. ఆయన పట్టుకున్నట్టు ఆవిడకి తెలియలేదు.