బొంగరానికి తాళంచెవే ఎందుకు కావాలి

తాళాలక్క దుకాణం మెట్ల కింద ఉంటుంది. పైనున్న కుట్టు క్లాసులకు ఎక్కేవాళ్ళ అడుగుల చప్పుడు పొద్దస్తమానం ఆమె నెత్తి మీదే పడుతుంది. లేచి నిలబడితే తల మెట్టుకు కొట్టుకుంటుంది కనుక ఆమె కూర్చునే పని చేస్తుంది, కూర్చునే బేరమాడుతుంది, వచ్చినవాళ్ళను మోకాళ్ళను బట్టి గుర్తుపడుతుంది. గోడ నిండా మేకులు, మేకుల నిండా ఇంకా గాట్లు పడని తాళంచెవులు. బల్ల మీద చెవిని కదలకుండా పట్టే ఒక బిగింపు, రకరకాల ఆకురాళ్ళు, మెడ వంచుకున్న దీపం. ఎంత ఊడ్చినా పోని ఇత్తడి పొడి.

దుకాణం నాన్నది. ఆయన పోయాక కూతురు అమ్మేస్తుందని చాలామంది ఆశపడ్డారు. ఆమె అమ్మకపోగా బోర్డుకు కొత్త రంగు వేయించింది. చిన్నప్పుడు ఒకసారి, నాన్న భోజనానికి వెళ్ళిన వేళ చూసి, ఒక బీరువా తాళాన్ని ఊడదీసి లోపలి స్ప్రింగులన్నీ ఒళ్ళో పోసుకుని కూర్చుంది. ఆయన తిరిగొచ్చి తిట్టలేదు. అలాంటిదే ఇంకో తాళం చేతిలో పెట్టి, "ఇది కూడా విప్పు. రెండిట్లో తేడా ఏంటో చెబితే ఇవాళ్టికి వదిలేస్తా" అన్నాడు. ఆ తేడా దొరికేదాకా ఆమె అన్నం ముట్టలేదు.

ఇప్పటికీ అంతే. తాళం తెరుచుకోగానే వచ్చినవాళ్ళు హమ్మయ్య అనుకుని బయల్దేరబోతారు. ఆమె మాత్రం, "అసలెందుకు పట్టేసిందో చూద్దాం, ఒక్క నిమిషం కూర్చోండి" అంటుంది. అక్కడ కూర్చోవడానికి చోటే లేదన్న సంగతి ఆమెకు గుర్తుండదు.

చెవి పోగొట్టుకున్న తాళానికి కొత్త చెవి చేయడమంటే ఆమెకు ప్రాణం. గాట్లు లేని చెవిని తాళంలో దూర్చి, అటూ ఇటూ బలంగా తిప్పి, బయటికి తీసి దీపం కింద పెడుతుంది. లోపలి పిన్నులు ఒరుసుకున్న చోట సన్నటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ మీద ఆకురాయితో ఒక్క గీటు గీస్తుంది. మళ్ళీ దూర్చి, మళ్ళీ తీసి చూస్తుంది. "ఎక్కడ అడ్డమో తాళమే చెబుతుందమ్మా, మనం తొందరపడకుండా చూడాలంతే" అనేవాడు నాన్న.

ఈ దుకాణంలో ఇంకో మనిషి కూడా ఉంది. చెల్లెలి కూతురు. చెల్లెలు బస్టాండులో టికెట్లిచ్చే కిటికీ వెనక పని చేస్తుంది. మరిది లారీ తోలుతాడు. ఇంటికి ఎప్పుడొస్తే అప్పుడే వచ్చినట్టు. పొద్దున్నే పిల్లను అక్క ఒళ్ళో వేసి చెల్లెలు డ్యూటీకి పరిగెడుతుంది. పిల్లకు ఏడాది దాటింది. నడక నేర్చిన కొత్తలో రెండడుగులు వేసి గిర్రున తిరిగి కూలబడేది కనుక బొంగరం అనే పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు టీకాల కార్డులో ఉంది.

పొడి పడని మూల చూసి, చెక్కపెట్టెలో బొంతలు పరిచి, పిల్లకు ఒక రాజ్యం కట్టించింది తాళాలక్క. అందులోంచి బొంగరం వచ్చేపోయేవాళ్ళ మోకాళ్ళ మీద తీర్పులు చెబుతూ ఉండేది. నచ్చిన మోకాలికి నవ్వు, నచ్చనిదానికి మూతి విరుపు. పిల్ల లేని ఆదివారం తాళాలక్కకు చేతులు ఆడేవి కావు.

ముందు పళ్ళు పైవీ కిందవీ ఎవరికీ చెప్పకుండానే వచ్చేశాయి. తర్వాతే వచ్చింది తంటా. ఒక వారంగా బొంగరం పొద్దున లేచింది మొదలు గుక్కపట్టి ఏడుపు. చొంగ కారి గడ్డం ఎర్రగా ఒరుసుకుపోయింది. అన్నం ముద్ద నోటి దాకా తెస్తే మొహం తిప్పేస్తోంది. పిడికిలంతా నోట్లో కుక్కుకుంటోంది. ఒకనాడు మధ్యాహ్నం చేతికందిన గుత్తిలోని షట్టరు తాళంచెవిని, నాన్న కాలం నాటి పొడుగాటి ఇత్తడి చెవిని, లాక్కుని నోట్లో పెట్టుకుని, స్విచ్చు నొక్కినట్టు ఊరుకుంది.

తాళాలక్క దాన్ని కడిగి మళ్ళీ చేతికిచ్చింది. సాయంత్రం అది ఇంకా నోట్లో ఉండగానే చెల్లెలు వచ్చింది.

"అక్కా! దాని నోట్లో ఏంటది?"

"షట్టరు చెవేలే. కడిగిచ్చా."

"కడిగావా? ఆ గుత్తిని ఎంతమంది చేతులు ముట్టుకుంటాయో నీకు తెలీదూ?"

"మరేం చెయ్యమంటావే? పొద్దుట్నించీ ఏడ్చి ఏడ్చి సోలిపోతోంది. ఇది దొరగ్గానే ఊరుకుంది."

"ఊరుకుందని ఇత్తడిని నాకనిస్తావా? రేపు నీ ఆకురాయి ఇస్తావు, అదీ నాకుతుంది." చెల్లెలు పిల్లను చంకనెత్తుకుని తాళంచెవి లాగేసింది. ఏడుపు మళ్ళీ అందుకుంది. ఆ ఏడుపు మీదుగా గట్టిగా అంది. "చూడక్కా, మళ్ళీ చెప్పను. ఇంకోసారి దీని నోట్లో తాళంచెవి కనబడిందంటే సోమవారం నుంచి డిపో వెనక పిల్లల సెంటర్లో వేస్తా. చోటుందన్నారు."

చెల్లెలు కోపంలో అన్నా అబద్ధం అనలేదు. ఆ రాత్రి దుకాణం మూస్తూ తాళాలక్క ఖాళీ చెక్కపెట్టె వైపు చూసి, సోమవారం కూడా ఇలాగే ఉంటుందేమో అనుకుంది. వెంటనే ఇంకో ప్రశ్న కూడా తగులుకుంది. ఇన్ని బొమ్మలుండగా ఆ తాళంచెవిలో ఏముంది?

పొద్దున్నే పక్కకొట్టు బకెట్ల వదిన రెండు సలహాలతో తయారైంది. ఆవిడ కొట్లో బకెట్లు, మగ్గులు, ప్లాస్టిక్ సామాను అమ్ముతుంది. సలహాలు ఊరికే ఇస్తుంది.

"చిగుళ్ళకి రాసే జెల్లు ఉంటుంది వదినా. ఒక్క చుక్క రాశావంటే నోరు మొద్దుబారి పిల్ల కిక్కురుమనదు. కాదంటే పూసల దండ దొరుకుతుంది, మెళ్ళో వేస్తే నొప్పి లాగేస్తుందట."

"మెళ్ళో వేస్తే నోట్లో నొప్పి ఎలా పోతుంది వదినా?"

"అదంతా నాకేం తెలుసు? నువ్వు ప్రతిదానికీ లోపలి స్ప్రింగు చూపించమంటావు!"

జెల్లు కోసం తాళాలక్క పిల్లను ఎత్తుకుని మందుల షాపుకు వెళ్ళింది. షాపాయన పిల్ల వయసు అడిగి, సీసాల అర వైపు పెట్టిన చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

"ఇవ్వనమ్మా. ఇంత చిన్నపిల్లలకి మొద్దుబార్చే మందు మంచిది కాదు. కొందరికి రక్తంలో ఆక్సిజన్ తగ్గి ప్రమాదమవుతుంది. పోనీ పనిచేస్తుందా అంటే, చొంగతో పాటే కారిపోతుంది."

"మరి పూసల దండో?"

"తెగితే పూస గొంతులో పడుతుంది. తెగకపోతే మెడకు బిగుస్తుంది. రెండూ వద్దు. చేతులు బాగా కడుక్కుని వేలితో చిగురు మెల్లగా నొక్కండి. శుభ్రమైన తడిగుడ్డ ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక నమలనివ్వండి. గడ్డకట్టించకూడదు, చిగురు ఇంకా నొస్తుంది. అప్పటికీ తట్టుకోలేకపోతే డాక్టరు పిల్ల బరువు చూసి మందు రాస్తారు. ఇంకోమాట, ఒళ్ళు కాలిపోతున్నా విరేచనాలైనా పళ్ళకే అనుకుని కూర్చోకండి. వెంటనే చూపించండి."

"ఒళ్ళు చల్లగానే ఉందన్నా. ఇది తాళంచెవి ఇస్తేనే ఊరుకుంటోంది, అదే నాకు అర్థం కానిది."

"తాళంచెవా? ఇత్తడిలో సీసం కలుపుతారు కదమ్మా!"

ఆ సంగతి ఆమెకు ఆయనకంటే బాగా తెలుసు. సీసం కలిసిన ఇత్తడి ఆకురాయికి మెత్తగా తెగుతుంది. ఏళ్ళ తరబడి ఆ మెత్తదనాన్ని మెచ్చుకుందే గానీ దాన్ని పిల్ల నోటితో ముడిపెట్టి ఒక్కనాడూ ఆలోచించలేదు. సిగ్గుతో చెవుల దాకా వేడెక్కింది. దుకాణానికి రాగానే గుత్తిని బల్ల సొరుగులో పడేసి మూసేసింది.

తడిగుడ్డ సిద్ధమైంది. చేతిరుమాలు ముచ్చటగా నాలుగు మడతలు పెట్టి, వదిన కొట్లోని ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇచ్చింది. బొంగరం ఒకసారి నోట్లో పెట్టుకుని అవతలికి విసిరేసింది. వదిన ఇచ్చిన రబ్బరు చక్రాన్ని కూడా చల్లబరిచి ఇస్తే అది వీధిలోకి దొర్లిపోయింది. అయితే కావాల్సింది చలువ కాదా? నిజమే, షట్టరు చెవి మిట్టమధ్యాహ్నం వెచ్చగా ఉన్నప్పుడు కూడా పిల్ల వదల్లేదు. పోనీ చప్పుడా? మూత బిగించిన డబ్బాలో తాళంచెవులు వేసి గలగలలాడించింది. బొంగరం ఏడుపు ఆపి వింది, బాగానే ఉందన్నట్టు చూసింది, వదిలిన చోటి నుంచి మళ్ళీ ఏడుపు అందుకుంది.

"నీకు పిచ్చెక్కిందే తాళాలూ!" అంది వదిన తన కొట్లోంచే. "పిల్ల ఏడుస్తుంటే పరీక్షలు పెడుతున్నావు."

"దానికేం కావాలో అది చెబుతూనే ఉంది వదినా. నాకే వినబడ్డం లేదు."

చివరికి ఇంటి నుంచి తెచ్చిన చెక్క గరిటెను మరిగే నీళ్ళలో వేసి తీసి, చల్లారాక, ఒక కొస తాను పట్టుకుని సన్నటి కాడ కొస అందించింది. బొంగరం దాన్ని నోటి మూల నుంచి లోపలికి తోసుకుని ఊరుకుంది. కాసేపే. కాడ గట్టిగా గుచ్చుకుందేమో, మళ్ళీ మొహం చిట్లించింది. ఆ కాసేపే చాలు. పిల్లను భుజాన వేసుకుని, గరిటెనూ రబ్బరు చక్రాన్నీ దీపం కింద పెట్టి మెడ వంచింది తాళాలక్క.

రబ్బరు చక్రం మీద అంచునే ముందు పళ్ళ గుర్తులు, అవీ అంతంతమాత్రం. గరిటె కాడ మీద ముందు పళ్ళ గాట్లు లోతుగా ఉన్నాయి, కానీ కొసన లేవు. కొసకు చాలా దూరంగా, కాడ నడుమ ఉన్నాయి.

ముందు పళ్ళే నొస్తుంటే కొస కొరికితే సరిపోతుంది కదా. ఇంత పొడుగు లోపలికెందుకు తోసుకుంది?

సొరుగులోంచి షట్టరు చెవి తీసి గరిటె పక్కన పెట్టి చూసింది. గాట్ల దగ్గర నుంచి కొస దాకా ఎంతుందో, ఆ చెవి కాడ కూడా ఇంచుమించు అంతే ఉంది. తాళాలక్కకు నవ్వొచ్చింది. ఇత్తడి కాదు, చలువ కాదు, చప్పుడూ కాదు. పొడుగు! చక్రాలూ మడతపెట్టిన గుడ్డలూ గుమ్మంలోనే నిలబడిపోతున్నాయి. అడ్డం లోపలెక్కడో ఉంది.

మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుంది. గోళ్ళు చూసుకుంది. పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, మొండి తాళం దగ్గర చేసినట్టే కళ్ళు మూసుకుని, వేలిని కింది చిగురు వెంట మెల్లగా జరిపింది. ముందు పళ్ళు దాటాయి. ఖాళీ చిగురు వచ్చింది. ఇంకాస్త వెనక్కి, ఎడమవైపు, బుడిపెలా ఉబ్బిన చోటు తగిలింది. బొంగరం టక్కున దవడలు మూసింది. ఏడుపు ఆగింది. పెద్దమ్మ మొహంలోకి, నీకిప్పటికి తెలిసిందా అన్నట్టు చూసింది.

"ఓహో, ఇక్కడున్నారా తమరు!" అంది తాళాలక్క.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అని కేకేసింది వదిన.

"దవడ పన్నుతో వదినా. ఇంకా బయటికి రాలేదు, లోపల్నుంచే దబాయిస్తోంది."

ఆ తర్వాతి పని చేతికి తెలిసిన పనే. మెత్తటి నూలు గుడ్డను పొడుగ్గా మడిచి, వేలెడు లావున మెలిపెట్టి, కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపి ఫ్రిజ్‌లో పెట్టింది. చల్లబడ్డాక ఒక కొస తన పిడికిట్లో గట్టిగా పట్టుకుని రెండో కొస నోటి మూల నుంచి వెనక చిగురు మీదికి అందించింది. బొంగరం లేగదూడలా ఒక పక్కకే నమలడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి మెదిపిన అరటిపండు సగం తింది. ఏడుపు పూర్తిగా పోలేదు. సాయంత్రాలు మళ్ళీ రాగం తీసేది. కానీ ఇప్పుడు ఆ రాగానికి ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలుసు.

శనివారం సాయంత్రం చెల్లెలు వీధి మలుపు తిరిగేసరికి దుకాణంలో ఏడుపు వినబడలేదు. అంత నిశ్శబ్దంగా ఉందంటే అర్థం ఒక్కటే అనుకుని, చెప్పులు టపటపలాడిస్తూ వచ్చింది.

"ఇచ్చావు కదూ! మళ్ళీ ఇచ్చావు కదూ తాళంచెవి!"

"అరవకు. నమలనీ దాన్ని."

పిల్ల నోట్లో గుడ్డ మెలిక చూసి చెల్లెలు ఆగిపోయింది. "ఏంటక్కా ఇది, దీపం వత్తిలాగా?"

తాళాలక్క చెబుతూ పోయింది. గరిటె చూపించింది, గాట్లు చూపించింది, షాపాయన చెప్పిందంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది. చెల్లెలు సగం నమ్మి సగం నమ్మలేదు.

"చెయ్యి కడుక్కురా. నువ్వే చూడు" అంది అక్క.

చెల్లెలు కడుక్కొచ్చి వేలు పెట్టింది. "ఎక్కడా? ఏం లేదే."

"ఇంకా వెనక్కి. ఎడమవైపు. తొందరపడకు."

"ఆ, ఏదో గట్టిగా... అమ్మో! కొరికిందే!" చెల్లెలు వేలు లాక్కుని ఊదుకుంది. బొంగరం కిలకిలా నవ్వింది. పక్కకొట్లో వదిన కూడా నవ్వింది. చెల్లెలు వేలి మీది పళ్ళ గుర్తుల వంక చూసుకుని మెల్లగా అడిగింది.

"నాకు పళ్ళొచ్చేటప్పుడు ఎవర్ని కొరికానక్కా?"

"ఎత్తుకు తిరిగిందెవరు, నేను కదా? నన్నే. ఈ భుజం అడుగు, చెబుతుంది."

చెల్లెలు సంచీ భుజాన తగిలించుకుని, పిల్లను ఎత్తుకుని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"రేపు ఇంట్లో ఇంకో నాలుగు గుడ్డలు కుడతా. సోమవారం దీంతోపాటు తెస్తా. ఫ్రిజ్‌లో మార్చి మార్చి పెట్టు. ఆ గుత్తి మాత్రం సొరుగులో కాదు, పై మేకుకు తగిలించు. సొరుగు లాగడం దీనికి రేపో మాపో వచ్చేస్తుంది."

"సెంటరు వాళ్ళకేం చెబుతావు?"

"చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోమంటా" అని వెళ్ళిపోయింది.

తాళాలక్క గుత్తిని అన్నిటికంటే పై మేకుకు తగిలించింది. రాత్రి దాన్ని అందుకుని షట్టరు దించబోతూ ఆగి, దీపం మళ్ళీ వెలిగించి గరిటె కాడను ఇంకోసారి తిప్పి చూసింది. గాట్లన్నీ ఎడమవైపు పళ్ళవే. అంటే కుడివైపు పన్ను ఇంకా కదల్లేదన్నమాట. సోమవారం చెయ్యి కడుక్కోగానే ముందు అటువైపు చూడాలి.