పదకొండో నంబరు కిట్

2006లో నన్ను సూర్యాపేటలోని ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్ ఇన్‌ఛార్జిగా వేశారు. అంతకుముందు కోదాడలో పాఠాలు చెప్పాను. ఇన్‌ఛార్జి అంటే పెద్ద హోదా ఏమీ కాదు. పన్నెండు కిట్లకూ వాటి స్టాక్ రిజిస్టరుకూ జవాబుదారీ, అంతే.

కిట్ అంటే మూత లేని చిన్న కంప్యూటరు. ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య ఉండే తీగల గుంపులను బస్సులంటాం. మెమరీలో ఏ గదికి పోవాలో అడ్రస్ బస్సు చెబుతుంది, అంకెలను డేటా బస్సు మోస్తుంది, రాయాలా చదవాలా అన్నది కంట్రోల్ బస్సు తేలుస్తుంది. అడ్రస్ తీగ ఒక్కటి చెడితే అంకె వేరే గదిలో పడుతుంది. ఆ సంగతి ప్రాసెసర్‌కు తెలియనే తెలియదు.

పదకొండో నంబరు కిట్‌కు ఆ రోగమే ఉండేది. 8100 గదిలో రాసింది 8000లో పడేది. నాకు తెలుసు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని నానబెట్టాను. ఇంతలో కాలేజీకి అనుమతులిచ్చే తనిఖీ బృందం వచ్చింది. "అన్నీ పనిచేస్తున్నయని రాయండి సార్, ఎవరు ఆన్ చేసి సూస్తరు?" అన్నారు ప్రిన్సిపాల్. రాసి సంతకం పెట్టాను. నిజంగానే ఎవరూ ఆన్ చేయలేదు.

నెల తిరగకుండా ప్రాక్టికల్ పరీక్షలు. ఎక్స్‌టర్నల్, అంటే బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షాధికారి, మిర్యాలగూడ నుంచి వచ్చారు. బ్యాచికి పన్నెండు మంది. పదకొండోది పక్కన పెట్టాలంటే కారణం రాయాలి. పెట్టలేదు. అది సైదమ్మకు పడింది.

సైదమ్మది మాడుగులపల్లి దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరేందుకు ర్యాంకు తెచ్చుకుంది. ఈ ప్రాక్టికల్ ఒక్కటి పాసైతే సీటు, లేకపోతే ఏడాది గోవిందా.

ప్రోగ్రాం 8000 నుంచి, లెక్కకు కావలసిన అంకెలు 8100 నుంచి ఎక్కించాలని ప్రశ్నలోనే ఉంది. అంకెలు ఎక్కిస్తే ప్రోగ్రాం చెడేది. ప్రోగ్రాం సరిచేస్తే అంకెలు పోయేవి. మూడుసార్లు చేసి చూసి లేచి నిలబడింది.

"సార్, నా ప్రోగ్రాం కరెక్టే ఉన్నది. 8100ల ఏసింది 8000ల పడుతున్నది. జర ఎవరిదన్న అయిపోయినంక ఆ కిట్ ఇయ్యుండ్రి."

ఇన్నేళ్లుగా నేను చెప్పిన పాఠాన్ని అంత శుభ్రంగా నాకు అప్పజెప్పిన విద్యార్థి మరొకరు లేరు. కిట్ మార్చాలంటే లోపం ఉన్నట్టు ఇన్‌ఛార్జి రాసివ్వాలి. పరీక్షాధికారి నా వైపు తిరిగి, కిట్ బాగానే ఉందా అని అడిగారు. ఒక్క వాక్యం రాస్తే చాలు. కానీ నెల క్రితం సంతకం అబద్ధమని తేలిపోతుంది, ఉద్యోగం పోతుంది. బాగానే ఉందన్నాను. టైం అయిపోయిందని ఆయన పేపరు తీసుకున్నారు.

అందరూ వెళ్లాక మెమరీ చిప్ ఊడదీశాను. ఒక కాలు సాకెట్‌లోకి దిగకుండా వంగి, గ్రౌండు తీగకు ఆనుకుని ఉంది. సరిచేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

సైదమ్మ ఫెయిలయింది. మార్కుల మెమో తీసుకోవడానికి వచ్చినప్పుడు నెమ్మదిగా అడిగింది.

"ఆ దినం కిట్ ఖరాబున్నదని మీకు ఎరుక లేదా సార్?"

"తెలీదమ్మా," అన్నాను.

"సరే సార్," అని మెమో మడిచి పెట్టుకుని వెళ్లిపోయింది. తర్వాత ఏమయిందో నేను ఆరా తీయలేదు. తీసే ముఖం లేదు.

2014లో రిటైరయ్యాను. చూడకుండా సంతకం పెట్టొద్దని కొత్త లెక్చరర్లకు అందరూ చెబుతారు. నేను చూసే పెట్టాను. మొదటి అబద్ధం నాకు ఒక్క సంతకంతో అయిపోయింది. దాన్ని కాపాడుకోవడానికి ఇంకో రెండు ఆడాను, రెండూ ఆ పిల్ల ముఖం మీదే.