కంచుగంట పిలవని పేరు

ఆ కండక్టరు అసలు పేరు డిపో గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. బస్సెక్కే జనానికి ఆయన కంచుగంట. ఇంట్లో మంచినీళ్లు అడిగితే పక్కింటావిడ చెంబు పట్టుకొస్తుందని భార్య వేళాకోళం చేసేది. అది కాస్త ఎక్కువచేసి చెప్పడమే గానీ మరీ అబద్ధమూ కాదు. బస్సు ఎంత కిక్కిరిసినా, వెనక సీట్లో కునుకు తీసేవాడి చెవిలో కూడా స్టాపు పేరు పడి తీరాల్సిందే. తన బస్సులో ఎవరూ స్టాపు దాటిపోరన్నది ఆయన గొప్ప. మనిషన్నాక ఏదో ఒక గొప్ప ఉండాలి, ఆయనకి అది ఉంది.

నది మీది వంతెనకి పేరు మార్చినప్పుడు ఆ గొప్పే అడ్డొచ్చింది. ఎప్పటినుంచో అది దొరవంతెన. కట్టించిన దొర, అవతలి పేటవాళ్లు దాని మీద కాలు పెట్టకూడదనీ, కింద పడవలోనే దాటాలనీ హుకుం జారీ చేశాడు. ఆ పేటలో బట్టలు కుట్టే ఒకావిడ, పడవలో కుట్టుమిషను తడిసిపోతోందని, ఒకరోజు దాన్ని నెత్తిన పెట్టుకుని వంతెనెక్కింది. పోలీసులు అడ్డం నిలబడితే మిషను దించి, అక్కడే కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. మర్నాడు పేటంతా వచ్చి ఆవిడ చుట్టూ కూర్చుంది. లాఠీలూ జైళ్లూ అయ్యాక హుకుం పోయింది గానీ దొర పేరు పోలేదు. ఇన్నేళ్లకి, ఆవిడ కన్నుమూశాక, మునిసిపాలిటీ వాళ్లు జనం ఆవిడని పిలుచుకున్న పేరే పెట్టి పెద్ద బోర్డు నిలబెట్టారు: దర్జీ అమ్మ వంతెన.

కంచుగంటకి ఆవిడంటే గౌరవమే. కానీ బోర్డు వేరు, బస్సు వేరు. అంతకుముందు ఆసుపత్రి స్టాపుకి పేరు మారిస్తే ఉత్సాహం కొద్దీ కొత్తదే పిలిచాడు. సగం బస్సు దిగకుండా కూర్చుండిపోయి, తర్వాత ఆయన్ని దులిపేసింది. అందుకని ఈసారి డ్రైవరు అడిగితే, జనం నోట పడ్డాక చూద్దాంలే బావా అని తేల్చేశాడు. జనమేమో కండక్టరు ఏది పిలిస్తే అదే అనేవాళ్లు. ఇంక కొత్త పేరు ఎవరి నోట పడుతుందో పాపం ఆయనకి తట్టలేదు.

మార్కెట్ దగ్గర వారం వారం ఒక ముసలావిడ ఎక్కేది. చేతికర్ర, సోడాబుడ్డి కళ్లద్దాలు. "వంతెన దాకా ఒకటి" అని టిక్కెట్టు తీసుకుని ముందు సీట్లో కూర్చునేది. ఆయన పిలవగానే దిగిపోయేది. ఒకరోజు దిగలేదు. దొరవంతెన, దొరవంతెన అని ఆయన గొంతు చించుకున్నా కదల్లేదు. చివరి స్టాపులో బస్సు ఖాళీ అయ్యాక చూస్తే ఆ సీట్లోనే ఉంది. ఆయన గబగబా దగ్గరికెళ్లాడు.

"నిద్రపట్టేసిందా పెద్దమ్మా? మీ స్టాపు ఎప్పుడో దాటిపోయింది."

"మెలకువగానే ఉన్నా నాయనా. నువ్వు పిలుస్తావని చూస్తున్నా."

"పిలిచానుగా, అన్నిసార్లు."

"దొర పేరు పిలిచావు. మా అక్క పేరు పిలవలేదు."

ఆవిడ దర్జీ అమ్మ చెల్లెలు. చిన్నప్పుడు ఆ వంతెన మీద అక్క పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కించింది. పోలీసులు మిషనుని ఏట్లోకి తన్నేయడం కళ్లారా చూసింది. బతికినన్నాళ్లూ ఆ అక్క ఈ బస్సులోనే తిరిగింది, దిగిన ప్రతిసారీ దొర పేరు వింటూ దిగింది. ఇదంతా ఆవిడ కోపం లేకుండానే చెప్పింది. కోప్పడినా బాగుండుననిపించింది కంచుగంటకి.

"బోర్డు పెట్టారని అందరూ అంటున్నారు. నాకు చూపు ఆనదు. నలుగురి నోటా వింటేనే నాకు పెట్టినట్టు."

తిరుగుప్రయాణంలో గట్టిగా పిలుస్తానన్నాడాయన. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నాకోసమని వద్దు. అలా పిలిస్తే నన్ను ఓదార్చినట్టవుతుంది గానీ పేరు పెట్టినట్టు కాదు." వంతెన దగ్గర ఆయన ఏ పేరూ పిలవకుండా, ఆవిడని చెయ్యి పట్టుకుని దించాడు. ఆ పూట ఆయన ఇంట్లో నోరెత్తకపోయేసరికి భార్య నుదురు పట్టుకుని జ్వరమేమోనని చూసింది.

మర్నాటి నుంచి దర్జీ అమ్మ వంతెన అని పిలవడం మొదలుపెట్టాడు. అనుకున్నట్టే అయింది. ఎవరూ లేవలేదు. ఒక బ్యాంకు ఉద్యోగి రెండు స్టాపులు దాటిపోయి, నానా మాటలూ అని, డిపోలో ఫిర్యాదు కూడా చేశాడు. రెండు పేర్లూ పిలవమన్నాడు మేనేజరు. రెండూ పిలిస్తే చెవి పాతదాన్నే పట్టుకుంటుంది సార్ అని వేడుకుని, కంచుగంట వేరే దారి తొక్కాడు. దొరవంతెన ఒకటివ్వమని ఎవరడిగినా, టిక్కెట్టు చింపుతూ, "దర్జీ అమ్మ వంతెన, ఒకటి" అని ముఖం చూసి చెప్పేవాడు. స్టాపు వచ్చాక దగ్గరికెళ్లి మరీ లేపేవాడు. జీవితంలో ఎన్నడూ లేనిది, రోజూ చీవాట్లు తిన్నాడు. సిగ్గుగానే ఉండేది, అయినా మానలేదు.

ముసలావిడ మాత్రం ఆ తర్వాత రాలేదు. మార్కెట్ దగ్గర బస్సు ఆగినప్పుడల్లా ఆయన ముందు తలుపు వైపే చూసేవాడు. ఆలస్యం చేశానేమోనన్న దిగులు పట్టుకుంది. పోయిందేమోనని అడుగుదామంటే ఎవర్ని అడగాలో కూడా తెలియదు.

చాలా వారాలకి వచ్చింది. సగమైపోయింది మనిషి. మంచాన పడి లేచానని చెప్పి, "వంతెన దాకా ఒకటి" అంది. కంచుగంట టిక్కెట్టు చింపి ఇచ్చాడు గానీ, అందరికీ చెప్పినట్టు వంతెన పేరు చెప్పలేదు. వంతెన మలుపు వచ్చేసింది. ఎలా పిలిచినా ఆవిడ కోసం పిలిచినట్టే ఉంటుందని తటపటాయిస్తూ నిలబడిపోయాడు.

వెనక సీట్లోంచి బ్యాంకు ఉద్యోగి ఉలిక్కిపడి లేచాడు. "ఏమయ్యా కంచుగంటా, ఇవాళ నోరు పడిపోయిందా? దర్జీ అమ్మ వంతెన వచ్చేసింది కదా, ఆపు" అని విసుక్కుంటూ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

ముసలావిడ ఆ గొంతు వైపు తల తిప్పింది.

"ఎవరు నాయనా ఆ అబ్బాయి? మా అక్కని ఎరుగునా?"

"లేదు పెద్దమ్మా. రోజూ ఇక్కడ దిగుతాడంతే."

ఆవిడ కర్ర అందుకుని లేచింది. కంచుగంట చెయ్యి అందించబోతే, అక్కర్లేదని, కమ్మీ పట్టుకుని తన స్టాపులో తనే దిగింది.