వేదిక లేని గది

ఆ హాలు ప్రారంభమైన రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దాన్ని గీసింది నేనే కాబట్టి మరీ మండుతుంది.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను రాజమండ్రిలో ఒక ఇంజనీరు గారి దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. రైసు మిల్లులు, గోడౌన్లు, మేడలు, ఏది చెబితే అది గీసేవాణ్ణి. గోదావరి ఒడ్డునే ఉన్న ఒక చిన్న ఊళ్ళో వర్తకులు కలిసి ఒక ధర్మాసుపత్రి నడిపేవారు. అందులో మనసు బాగాలేని వాళ్ళకు ఒక వార్డు ఉండేది. ఆ వార్డుకు సంగీతం గది కట్టాలట, వెళ్ళి డాక్టరమ్మ గారితో మాట్లాడి రమ్మన్నారు మా ఇంజనీరు గారు. సంగీతం గది అంటే నాకు తెలిసింది ఒక్కటే. ఎత్తుగా స్టేజీ, ముందు కుర్చీలు. మాట్లాడకుండానే అది గీసి పట్టుకెళ్ళాను.

డాక్టరమ్మ గారు నా ప్లాను బల్ల మీద పరిచి చాలాసేపు చూశారు.

“మీరు దీన్ని కుర్చీలో కూర్చుని గీశారండీ. మా వాళ్ళు కింద కూర్చుంటారు. కొన్నాళ్ళు వచ్చి వాళ్ళ పక్కన కూర్చోండి.”

నాకు చిన్నతనం అనిపించింది. అయినా వెళ్ళాను.

వార్డు వరండాలో వారానికి మూడు మధ్యాహ్నాలు పాట జరిగేది. నాటకాలు మానేసిన ఒక ముసలాయన హార్మోనియం వాయించేవాడు. పదిమందో పన్నెండుమందో చుట్టూ చేరేవారు. పాడాలనిపించినవాళ్ళు పాడేవారు, లేనివాళ్ళను ఎవరూ బతిమాలేవారు కాదు. వాళ్ళలో మొగల్తూరు అవతల సముద్రపు రేవు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. చేపలమ్ముకునే మనిషి. తుఫానులో ఇద్దరు పిల్లలూ పోయాక ఆమెకు మాట పోయింది. ఏడాదిపాటు గోడకేసి తిరిగి పడుకునే ఉందట. చివరికి ఆమె అన్న తీసుకొచ్చి ఇక్కడ చేర్పించాడు.

కొలతల టేపు పట్టుకుని నిలబడ్డ నన్ను చూడగానే ఆమె లేచి స్తంభం వెనక్కి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ గారు నన్ను కూర్చోమని సైగ చేశారు. హార్మోనియం మొదలైన కాసేపటికి స్తంభం వెనక నుంచి నేలను అరచేత్తో చరుస్తున్న చప్పుడు వచ్చింది. అది ముసలాయన పాటకు కుదిరే దరువు కాదు. ఆయన తన పాట వదిలేసి ఆమె దరువే అందుకున్నాడు. అప్పుడు ఆమె గొంతులోంచి సన్నగా కూనిరాగం బయటికొచ్చింది. వల లాగేటప్పుడు పాడుకునే పాట అదని తర్వాత తెలిసింది.

అలా మూడు నెలలు వెళ్ళాను. తలుపు వీపు వెనక ఉంటే వాళ్ళు పాట మధ్యలో పదిసార్లు వెనక్కి చూస్తారని గమనించి, ఎటు కూర్చున్నా కనబడేలా రెండు తలుపులు పెట్టాను. ఒకరు ఎత్తులో కూర్చుంటే మిగతావాళ్ళు నోరు విప్పరని తెలుసుకుని స్టేజీ తీసేశాను. గొంతు ఖంగున తిరిగొస్తే బెదిరిపోయేవాళ్ళున్నారు, అందుకని స్లాబు కింద తాటాకు చాపలు కట్టిద్దామనుకున్నాను. కిటికీలు మాత్రం గోదావరి వైపు, కింద కూర్చున్నవాళ్ళకు అందేలా పెట్టాను. అది నా సొంత తెలివి, దాని గురించి నాకు గర్వంగా కూడా ఉండేది.

ఒకరోజు ఆ కొత్త ప్లాను కాగితం వరండాలో పరిచాను. ఆ చేపలావిడ పక్కన వచ్చి కూర్చుంది.

“ఇటేపు ఏంటి బాబూ?” అంది. నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

“గోదారమ్మా. పాడుకుంటూ చూడొచ్చు.”

“నాకు నీళ్ళు కనపడొద్దు బాబూ.”

ఆ సాయంత్రమే కిటికీలన్నీ వెనకనున్న కొబ్బరితోట వైపుకి తిప్పాను. అంత సరైన ప్లాను నేను మళ్ళీ ఎప్పుడూ గీయలేదు.

ఆసుపత్రి నడిపే వర్తకుల కమిటీలో దాన్ని చూసి ప్రెసిడెంటు గారు నవ్వారు. ఆయన బట్టల హోల్‌సేలు వ్యాపారి. చెడ్డవాడు కాడు. ఆ వార్డులో మందులు ఆయన చలవే. చెడ్డవాడై ఉంటే తిట్టుకోవడం నాకు తేలికయ్యేది.

“స్టేజీ లేని హాలేంటండీ? గోదారి పక్కనే పెట్టుకుని కిటికీలు తోటవైపేంటండీ?”

డాక్టరమ్మ గారు ఒక్కొక్కటీ ఎందుకో చెప్పారు. ఆయన ఓపిగ్గా విన్నారు.

“మీరు చెప్పింది బాగానే ఉందమ్మా. కానీ నలుగురూ వచ్చి చూసేది కదా. మూడు రోజులు వాళ్ళు పాడుకుంటారు, మిగతా రోజులు పెళ్ళిళ్ళకిద్దాం. స్టేజీ ఉండాలి. గ్రిల్సూ తాళాలూ కూడా పెట్టించండి, వాళ్ళు పారిపోతే మాటొస్తుంది.”

“మా వాడు మార్చేస్తాడండి,” అన్నారు మా ఇంజనీరు గారు.

నేను మార్చేశాను. ఇదీ నేను మింగలేని సంగతి. కుదరదని ఒక్క మాట అనలేదు. కిటికీలు మళ్ళీ నీళ్ళవైపు తిప్పాను, ఒక తలుపు పూడ్చాను, నున్నటి మొజాయిక్ నేల పెట్టాను. పెళ్ళాం పిల్లలున్నారని నాకు నేను చెప్పుకున్నాను. ఉద్యోగం పోతుందని నన్నెవరూ బెదిరించలేదు కూడా.

ప్రారంభానికి జిల్లా పెద్దలు వచ్చారు. పట్నం నుంచి పాటకచేరీ వచ్చింది. అల్లరి చేస్తే బాగుండదని వార్డు తలుపుకి బయట నుంచి గడియ పెట్టేశారు. అప్పటికి నాలుగు మాటలు మాట్లాడుతున్న ఆవిడ మాత్రం పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, గడియ పడకముందే బయటికొచ్చి హాలు గుమ్మం దాకా వచ్చింది. తనని కూడా పాడమంటారనుకుంది. గుమ్మం దగ్గర మనిషి ఆమె రెక్క పట్టుకుని వెనక్కి నడిపించాడు. ఆమె పెనుగులాడలేదు. నేను మూడో వరుసలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఎవరో నాకు దండ వేశారు. రోగులకు సంగీతం ఎంత మేలు చేస్తుందో ప్రెసిడెంటు గారు మైకులో చెబుతున్నారు.

దండ తీసి కుర్చీలో పెట్టి, ఆయన దిగేదాకా ఆగి, అడిగాను.

“ఎవరి కోసం కట్టారో వాళ్ళేరండీ?”

“తర్వాత తీసుకొచ్చి చూపిద్దాం లెండి,” అన్నారు చాలా మామూలుగా.

మా ఇంజనీరు గారు నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. ఆ వారమే ఆ ఉద్యోగం మానేశాను. ధైర్యం రావాల్సినప్పుడు రాకుండా, ఎవరికీ పనికిరానప్పుడు వచ్చింది.

వార్డు వాళ్ళకు చెప్పిన ఆ మూడు రోజులు కూడా మొదటి పెళ్ళిళ్ళ సీజనులోనే ఎగిరిపోయాయి. డాక్టరమ్మ గారు కమిటీతో పోట్లాడి, కొబ్బరితోటలో పాక వేసుకోవడానికి చోటు సాధించారు. చేపలావిడ అన్న, వాళ్ళ మనుషులు వెదుళ్ళూ తాటాకూ పడవలో తెచ్చారు. కమిటీ కాదన్న నా ప్లాను పట్టుకుని నాలుగు రోజుల్లో కట్టాం. రెండు దారులు, అలికిన నేల. పాక వేశాక మొదటి మధ్యాహ్నం ఆవిడ వలపాట మాటలతో సహా పాడింది. పక్కనున్న ఒక టీచరు, అదే వార్డులో ఉంటూ ఎన్నాళ్ళుగానో ఎవరితోనూ కలవని మనిషి, వెనక వంత అందుకుంది. ఆ ఏడాదే చేపలావిడ ఇంటికి వెళ్ళింది. నాలుగేళ్ళకు డాక్టరమ్మ గారు ఆసుపత్రి వదిలి వెళ్ళిపోయారు. తర్వాతి వర్షాలకు పాక కూలితే మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. హాలులో మాత్రం పెళ్ళిళ్ళు బాగానే జరుగుతున్నాయి.

చాలా ఏళ్ళకు నరసాపురం చేపల మార్కెట్లో ఆవిడ కనిపించింది. గుర్తుపట్టి పలకరించింది. ఇన్నాళ్ళూ మోసుకు తిరుగుతున్న మాట చెప్పేశాను.

“ఆ పెద్ద హాలు కూడా నేనే గీశానమ్మా.”

“తెలుసండి. ఆ వేళ మీరు లోపల కూచునుండటం చూశానండి.”

“నా మీద కోపం రాలేదా?”

“వచ్చిందండి. ఇప్పటికీ ఉంది,” అంది చేప తోముతూ. “ఉండకూడదా ఏంటి?”

ఉండాలనే చెప్పాను. ఆమె చేప కోసి ఆకులో చుట్టి ఇచ్చి, తర్వాతి మనిషి కేసి తిరిగింది.