అక్క కట్టిన ఎర్ర కారు

మా అక్క కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి తాకడం మానేశాయి. ధర్మవరంలో పక్కింటామె స్కూటీ వెనక కూర్చుని పోతూ, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరి పడి, కింద పడే ప్రతి మనిషీ చేసే పనే చేసింది. చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది కానీ వేళ్లు కొయ్యబారిపోయాయి. ఇంకొకరికైతే అన్నం కలుపుకోవడం, జడ వేసుకోవడం కష్టమయ్యేది, అంతే. మా అక్కకు ఆ రెండు వేళ్లే బతుకు.

ఆమె పని పట్టు మగ్గాలకు పోగులు అతకడం. మగ్గం మీద నిలువు పోగుల పడుగు నేత పూర్తవుతుండగా, పాత పోగుల కొసలకు కొత్త పడుగు కొసల్ని ఒక్కొక్కటే కలిపి రెండు వేళ్ల మధ్య మెలిపెట్టాలి. వేల పోగులు. ఒక్కోటీ వెంట్రుక కన్నా సన్నం. వేళ్లు జారకుండా పక్కన కొబ్బరి చిప్పలో బూడిద పెట్టుకుని అద్దుకుంటూ ఉంటుంది. మా నాయన నేతగాడు. నేను ఆ పని నుంచి తెలివిగా తప్పించుకుని హిందూపురంలో ఫ్యాన్సీ స్టోర్ పెట్టుకున్నాను. అక్క తప్పించుకోలేదు, తప్పించుకోవాలని అనుకోలేదు కూడా. ఆమె అతికిన పడుగు తెగదని వీధిలో పేరు. ఆ పేరంటే ఆమెకు మెడలో గొలుసు కన్నా ఎక్కువ.

ఒంటిచేత్తో ఇల్లు నడవదని, కూతురు ఆమెను పెనుకొండకు తీసుకుపోయింది. నా మేనకోడలి మొగుడు అక్కడ దగ్గర్లో కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. దుకాణానికి సెలవు దొరికినప్పుడల్లా నేను బస్సెక్కి పోయి చూసి వచ్చేవాణ్ని. అలా పోయిన ఒకరోజు నా ఎదుటే ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది. చాలా ఏళ్లుగా అక్కతో పోగులు అతికించుకునే మగ్గాలాయన.

"అక్కా, మగ్గం ఖాళీ పడతాంది. నువ్వొస్తావంటే ఆపుతా. రాలేవంటే వేరేవాళ్లను చూసుకుంటా. నువ్వే చెప్పు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, తప్పు పట్టడానికి లేదు.

"వస్తా. ఆపు" అంది అక్క. ఫోన్ ఎడమచేత్తో కింద పెట్టి, ఏమీ జరగనట్టు కాఫీ అందుకుంది. నేను ఆమె చేతుల వైపే చూశాను. ఎట్లా వస్తుంది ఈమె? గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటోంది కదా.

చేతికి వ్యాయామం నేర్పే అమ్మాయి ఒక మెత్తని బంతి ఇచ్చి, రోజూ పిసకమని చెప్పింది. అక్క కొన్నాళ్లు పిసికి, దాన్ని బియ్యం డబ్బా వెనక్కి తోసేసింది.

"పొద్దంతా పిసికినా అది బంతిగానే ఉండాది కదరా. ఏమైనా అయ్యేదుంటే చేస్తా. సుమ్మనే పిసికేది నాతో కాదు."

ఇలాంటి మనిషిని ఏం చేయాలి? కోపంగానే హిందూపురం తిరిగొచ్చాను. దుకాణంలో పై అరలో ఎన్నాళ్లుగానో అమ్ముడుపోని డబ్బా ఒకటి కనిపించింది. ప్లాస్టిక్ బ్లాకులతో కారు కట్టుకునే సెట్టు, డబ్బా మీద నిగనిగలాడే ఎర్ర కారు. తల్లిదండ్రులు దాన్ని తీసి చూసి, ముక్కలు ఇల్లంతా పోతాయని భయపడి, తయారుగా ఉన్న రిమోట్ కారు కొనుక్కుని పోయేవాళ్లు. దాని మీది దుమ్ము దులిపి దులిపి నాకు విసుగొచ్చింది. నేనే ఎప్పుడూ దాన్ని విప్పి చూడలేదు. కానీ ఆ రోజు అనిపించింది, నొక్కడం, పీకడం, ఇదీ బంతి పిసకడం లాంటిదే కదా. పైగా చివరికి ఏదో ఒకటి అవుతుంది.

తరువాతి వారం పెనుకొండలో ఆ డబ్బా చాపమీద కుమ్మరించాను.

"ఏమిరా, కారు తెస్తా అని చెప్పి చిత్తు తెచ్చినావే?" అంది అక్క.

దాంట్లో బొమ్మల పుస్తకం ఉంది. అక్షరం ముక్క లేదు, ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలో బొమ్మలే చెబుతాయి. అక్క కళ్లజోడు పెట్టుకుని, మొదటి పేజీని చాలాసేపు చూసింది. తరువాత పొడుగాటి నల్ల ముక్కలన్నీ ఏరి, చాపమీద కొసకు కొస తగిలేట్టు వరుసగా పేర్చింది. ఎంత తిన్నగా పేర్చిందంటే గీత గీసినట్టుంది. తృప్తిగా ఒక చివర పట్టుకుని లేపింది. చేతిలోకి ఒక్క ముక్క వచ్చింది. మిగిలినవన్నీ చాపమీదే పడుకున్నాయి.

నవ్వు ఆపుకోలేకపోయాను. అక్క నవ్వలేదు. ఆ వరుసనే చూస్తూ కూర్చుంది. జన్మంతా కొసకు కొస కలిపిన మనిషికి, కలిపాక కూడా విడిపోవడం అంటే ఏమిటో అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

"ఓహో, వీటికి కొస చాలదు. ఒగదాని నడుం మీద ఇంగొగటి ఎక్కల్ల" అని రెండు ముక్కల మధ్య సందు మీద మూడో ముక్క అడ్డంగా పెట్టి నొక్కింది. కాదు, నొక్కబోయింది. కుడిచేతి వేళ్లకు ఆ బలం లేదు. ముక్క జారి సోఫా కిందికి పోయింది. మేనకోడలు తీసివ్వబోతే, "ముట్టుకోవద్దు. నేనే తీసుకుంటా" అని వంగి, పాకి, తానే తెచ్చుకుంది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. చివరికి కుడిచేత్తో కింది ముక్కను ఎట్లాగో అదిమి పట్టి, ఎడమచేత్తో పైముక్కను నొక్కింది. టక్కుమంది. ఆ చప్పుడుకు ఆమె మొహం చూడాలి! ధర్మవరం పట్టుచీర కట్టుకున్న కొత్త పెళ్లికూతురి మొహంలో కూడా అంత వెలుగు నేను చూడలేదు.

అప్పటి నుంచి ఇంట్లో ఎవరినీ ఆ చాప దగ్గరికి రానివ్వలేదట. అల్లుడు షిఫ్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, దూరంగా నిలబడే ఆటపట్టించేవాడు.

"అత్తా, మా కాడ ఒక్క కారుకు ఎంతమందిమి పనిచేస్తామో తెలుసా? నువ్వేమో ఒక్కదానివే ఫ్యాక్టరీ పెట్టినావు."

"మీ కార్లు మీ ఇష్టమొచ్చినట్ల కట్టుకోండప్పా. నా కారు జోలికి మాత్రం రావద్దు."

నేను ఫోన్ చేస్తే ఒళ్లెలా ఉందో చెప్పదు, కారు యాడిదాకా వచ్చిందో చెబుతుంది. ఈరోజు సీట్లు పెట్టినా అంటుంది. ముందు అద్దం కుదిరింది అంటుంది. డోరు తిరగేసి పెట్టి, నాలుగు పేజీలు వెనక్కి పోయి పీకి మళ్లీ పెట్టింది. రెండు పేజీలు ఒకేసారి తిప్పేసినందుకు, లైట్లు బానెట్ లోపల మూసుకుపోయాయి. దానికీ పీకింది. నేనైతే మొదటి తప్పుకే డబ్బాను కిటికీలోంచి విసిరేసేవాణ్ని.

మళ్లీ నేను పోయేసరికి కారు తయారై స్టూలు మీద కూర్చుని ఉంది. ఎర్రగా, బుజ్జిగా, పుస్తకంలో బొమ్మ ఎట్లా ఉందో అట్లాగే. అక్క దాన్ని నేలమీద పెట్టి ముందుకు తోసింది. కదల్లేదు. గట్టిగా తోస్తే, మొండి మేకను తాడుతో ఈడ్చినట్టు నాలుగు చక్రాలూ బిగుసుకుని జరిగాయి తప్ప తిరగలేదు.

అల్లుడు ఇక ఆగలేకపోయాడు. బోర్లా పడుకుని చక్రాల కింద చూశాడు. "ఇరుసు కరెక్టుగానే ఉండాదే" అని బుర్ర గోక్కున్నాడు. నేను ఇటూ అటూ చూస్తున్నాను. అప్పుడు కనిపించింది, చాప పక్కన గోడకు ఆనించి పెట్టిన కొబ్బరి చిప్ప. దాన్నిండా బూడిద.

"అక్కా, ఇది ఎందుకు ఈడ పెట్టుకున్నావు?"

అక్క నా మొహం వైపు చూసింది, చిప్ప వైపు చూసింది, తన వేళ్ల వైపు చూసుకుంది. అలవాటు! ప్రతి ముక్క పట్టుకునే ముందూ ఆమె తెలియకుండానే బూడిద అద్దుకుంటోంది. అసలే వ్యాయామం కోసం చేతికి నూనె రాసుకుంటుంది. నూనె, బూడిద కలిసి ముద్దై ప్రతి చిన్న రంధ్రంలోకీ దూరి, ఇరుసుల చుట్టూ గట్టిపడింది. మేనకోడలు పడీపడీ నవ్వింది. అల్లుడు "అత్తా, మా ఫ్యాక్టరీలో ఎవరికీ ఈ ఐడియా రాలేదు" అన్నాడు. చివరికి అక్క కూడా నవ్వింది, కళ్లలో నీళ్లు వచ్చేదాకా.

"చక్రాలు మటుకు ఊడదీసి కడుగు, సరిపోతాది" అన్నాను.

"లోపలంతా బూడిదే ఉండాది కదరా. పైపైన కడిగితే ఏం బాగుంటాది?" అని, అంత కష్టపడి కట్టిన కారును ఒళ్లో పెట్టుకుని, ముక్కముక్కా పీకడం మొదలుపెట్టింది.

నాకు ఒళ్లు మండింది. "నీకేమైనా పిచ్చా? ఇన్నాళ్ల కష్టం!" అని అరిచాను.

"గమ్మునుండు" అంది తల ఎత్తకుండా.

అతకడం కన్నా పీకడం కష్టమని అప్పుడే నాకు తెలిసింది. పల్చటి ముక్కలైతే కరుచుకుని ఉంటాయి, గోరు దూర్చి రెండు వేళ్లతో లాగితే గానీ రావు. అక్క పళ్లు బిగబట్టి లాగుతోంది. నొప్పికి నుదుటి మీద చెమట పట్టింది. నేను అలిగి టీవీ వైపు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి "ఒరే, చూడు" అని వినిపించింది. తిరిగి చూస్తే, చిన్న ఎర్ర రేకు లాంటి ముక్క ఒకటి ఆమె కుడిచేతిలో ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. వేళ్లు వణుకుతున్నాయి కానీ, వదలలేదు. నా అలకంతా ఎటు పోయిందో.

ముక్కలన్నిటినీ జల్లెడలో వేసి కడిగి, తువ్వాలు మీద ఆరబెట్టి, మళ్లీ మొదటి పేజీ నుంచి కట్టింది. ఈసారి కొబ్బరి చిప్ప మేనకోడలు దాచేసింది. కారు పూర్తయిన రోజు అల్లుడు బానెట్ మీద కుంకుమ బొట్టు పెట్టి, చక్రం ముందర నిమ్మకాయ పెట్టాడు. నిమ్మకాయ చక్రం కన్నా పెద్దదైపోయి కారుకు దారి లేకుండా పోయింది. దాన్ని పక్కకు జరిపి అక్క వేలితో అలా తోసిందో లేదో, కారు గదంతా దాటుకుని పోయి గ్రైండరుకు తగిలి ఆగింది. అందరం చప్పట్లు కొట్టాం. అక్క మాత్రం కొట్టలేదు.

"ఇది బొమ్మరా. పోగు సంగతి వేరే" అంది.

నిజమే. ఆ మాట ఆమె అనకముందు నుంచీ నేనూ అనుకుంటున్నదే.

తరువాతి వారం ఇద్దరం రైలెక్కి ధర్మవరం పోయాం. మగ్గాలాయన మాటకు కట్టుబడి పడుగు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. అక్క మగ్గం ముందు కూర్చుని, పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి పట్టి, కుడిచేతి వేళ్లతో మెలి పెట్టింది. వదిలితే విడిపోయింది. మళ్లీ పెట్టింది. విడిపోయింది. ఆ వేళ్లు కలుస్తున్నాయి కానీ, మధ్యలో పోగు ఉందో లేదో వాటికి తెలియడం లేదు. మగ్గాలాయన ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు. నేను గోడమీద క్యాలెండర్ చదివాను. అక్కను అక్కణ్నుంచి లేపి తీసుకుపోదామా అనిపించింది. అంత పేరున్న మనిషి అందరి ముందూ అట్లా ఓడిపోతుంటే చూడలేకపోయాను.

అక్క లేచింది. వెళ్లిపోదామంటుందనుకున్నాను. ఆమె పీట తీసుకుని మగ్గానికి అవతలి పక్కకు పోయి, అటునుంచి పోగులకు ఎదురుగా కూర్చుంది. ఈసారి కొసలు రెండూ కుడిచేత్తో అదిమి పట్టింది. ఎడమచేత్తో మెలి పెట్టింది, కారు ముక్కలు అతికినప్పటి లాగే. వదిలింది. పోగు నిలిచింది.

ఏ మనిషైనా ఈ వయసులో చేతులు మార్చుకుంటుందా? చిన్నప్పటి నుంచి ఒకే పక్క కూర్చుని చేసిన పనిని, అవతలి పక్కకు పోయి కొత్తగా నేర్చుకుంటుందా? మా అక్క నేర్చుకుంది. తల్లిదండ్రుల తరువాత నేను మనసులో చేతులెత్తి మొక్కిన మనిషి ఎవరైనా ఉంటే, ఆ రోజు ఆ పీట మీద కూర్చున్న మా అక్కే.

ఇదివరకటి వేగం ఎక్కడిది? ఆ పడుగు అతకడానికి ఇదివరకటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పట్టింది. ధర్మవరం ఇంటి తాళం తీసి అక్కడే ఉండిపోయాం. నేను హిందూపురం దుకాణం మాటే ఎత్తలేదు. ఆఖరి పోగు పడ్డాక అసలు పరీక్ష. అతికిన పడుగును మెల్లగా ముందుకు లాగాలి. మగ్గంలో దువ్వెన పళ్లలా ఉండే పన్నె సందుల్లోంచి ప్రతి అతుకూ దాటి రావాలి. వదులుగా ఉన్నవి అక్కడ పుటుక్కున తెగుతాయి.

"లాగనా అక్కా?" అన్నాడు మగ్గాలాయన.

"లాగు" అంది.

లాగాడు. ఒక అంచున కొన్ని పోగులు తెగాయి, ఆమె మొదట్లో అతికినవి. మిగిలిన పడుగంతా నీళ్లు జారినట్టు దాటి వచ్చేసింది. అక్క వంగి, తెగినవాటిని మళ్లీ అతికింది. ఆయన వాటిమీద వేలు పెట్టి రాసి చూశాడు.

"పై వారం ఆ పక్క మగ్గం ఖాళీ అయితాది. ఆటో పంపనా, ఎట్ల?" అన్నాడు.

"నాకు కాళ్లు బాగానే ఉండాయి కదప్పా. నడిచొస్తా" అంది అక్క.

చెప్పులు వేసుకుని ధీమాగా గడప దాటింది. వీధి మలుపు తిరిగాక మాత్రం ఒక గోడకు ఆనుకుని నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చెయ్యి విరిగిన రోజు కూడా ఏడవని మనిషి. నేనూ ఆ గోడకే ఆనుకుని, ఆమె ఏడుపు తీరేదాకా పక్కన నిలబడ్డాను.