మెయింటెనెన్స్ అడిగిన కారు

2024 ఎండాకాలం. సత్తుపల్లిలో మా షెడ్డు ముందు నుంచి బొగ్గు టిప్పర్లు ఆగకుండా పోతుంటాయి. పొద్దున తుడిచిపెట్టిన స్పానర్ మధ్యాహ్నానికి నల్లబడుతుంది. నేను ఏడో తరగతిలో బడి మానేసి ఆ స్పానర్ పట్టుకున్నవాణ్ణి. "నీ బుర్రలో గ్రీజు తప్ప ఏం లేదురా" అనేవారు మా లెక్కల సారు. ఆయన నోటి చలవ, గ్రీజుతోనే బతుకుతున్నాను. ట్రాక్టర్ నుంచి ట్యాక్సీ దాకా ఈ చేతులతో విప్పని బండి లేదు. చాలావాటిని తిరిగి బిగించాను కూడా.

ఆ ఎండల్లో నా ఓపికను పూర్తిగా విప్పి నట్లు ఒకచోట, బోల్టులు ఒకచోట పారేసిన కారు ఒకటి వచ్చింది. తెల్లటి సెడాన్, అంటే డిక్కీ వెనక్కి విడిగా పొడుచుకొచ్చిన పొడుగు కారు. విదేశీ కంపెనీది, హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాన్ని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారు. ఒకే బండిలో కరెంటు మోటారు, పెట్రోలు ఇంజన్ రెండూ ఉంటాయి. రాత్రి ఫోనుకు పెట్టినట్టు ఇంట్లో ప్లగ్గుకు పెడితే బ్యాటరీ నిండుతుంది. ఛార్జింగ్ ఉన్నంతసేపు మోటారే లాగుతుంది. అది అయిపోయాక ఇంజన్ అందుకుంటుంది. మరీ గట్టిగా తొక్కితే ఇద్దరూ కలిసి లాగుతారు, అప్పుడు వీపు సీటుకు అతుక్కుపోతుంది. మామూలుగా మాత్రం ఆ ఇంజన్ ఇల్లరికపుటల్లుడి లెక్క. పని చేయడు, ఇంట్లోంచి పంపలేం, ఎక్కడికెళ్లినా వెంటేసుకుని తిరగాలి.

బండిలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. చప్పుడు లేకుండా వచ్చి షెడ్డులో ఆగితే, దాన్ని తరమాలో వద్దో మా వీధి కుక్కలకు అర్థం కాలేదు. ఒక్క లోపం, బ్యాటరీ వెనకే ఉండటంతో డిక్కీలో రెండు బియ్యం సంచులు పక్కపక్కన పట్టవు.

తెచ్చినాయన నర్సింహారావు. కల్లూరు అవతల పల్లె, పామాయిల్ తోట. పక్కన ఆయన బావమరిది శ్రీను. కల్లూరులో సెల్‌ఫోన్ల షాపు ఉంది కాబట్టి వాళ్లింట్లో మిక్సీ నుంచి మోటారు దాకా అన్నిటికీ అతనే ఇంజనీరు.

"యాకయ్యా, దీని ఇంజన్ పీకెయ్" అన్నాడు నర్సింహారావు దిగుతూనే.

"పీకి ఏం జేస్తవన్నా, బోరుకు పెడ్తవా?"

"నవ్వులాట గాదు. నేను కరెంటు మీద పోతుంటే మధ్యల దానంతటదే స్టార్టయితంది. ఎవడు పిలిచిండు దాన్ని? ఎంత నొక్కినా బందు గాదు. కనీసం వైరన్నా కోసెయ్."

వైరు కోస్తే బండి అసలు కదలదని చెప్పాను. కంప్యూటర్‌కు ఇంజన్ కనబడకపోతే మోటారును కూడా పని చేయనీయదు. ఆయన నమ్మలేదు. నేను స్కానర్ పెట్టాను. స్కానర్ అంటే బండికి నాడి చూసే మిషను, జబ్బుంటే నంబరు చెబుతుంది. ఏ నంబరూ రాలేదు. బండి రాయిలా ఉంది.

"జబ్బు లేదన్నా."

"జబ్బు లేందే దానంతటది ఎట్ల మొరుగుతది?"

"నీకు పెట్రోలు పోస్తే ఏడుపా? ఇంత పెద్ద కారు కొన్నవ్, కాసేపు ఇంజన్ తిరిగితే కొంపేం మునిగింది?" అన్నాను. అప్పటికే నాకు చిరాకు మొదలైంది.

అప్పుడు వెనక సీట్లోంచి ఒక గొంతు వచ్చింది. "మునిగేది వాని కొంప గాదు బిడ్డా, నా పానం."

అద్దం దించుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, గుప్పిట్లో నిమ్మకాయ. నర్సింహారావు తల్లి మాణిక్యమ్మ. కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు సత్తుపల్లి వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి, అంటే ఒంట్లో రక్తాన్ని మిషన్ మీద కడిగించుకోవాలి. పొగ వాసన తగిలిందంటే ఆమెకు కడుపులో ఉన్నదంతా బయటికి వస్తుంది. ఆటోలో వాంతి, బస్సులో వాంతి, జీపులో మరీ ఘోరం. ఏసీ పడదు, అద్దం దించాల్సిందే. ఇంటి నుంచి ఇక్కడికి రానుపోను ఒక్క ఛార్జింగ్ సరిపోతుంది కాబట్టి, వాసన లేకుండా తీసుకురావడానికి కొడుకు ఈ కారు కొన్నాడు. ఏడాదికి పైగా హాయిగా తిరిగారు. ఇప్పుడు ఇంజన్ దానంతటది లేస్తోంది. ఆ పొగ కూడా మామూలుది కాదు, పుల్లటి కంపు. దారి పొడుగునా వాంతులు చేసుకుని, పోయిన తడవ ఆమె సగం దారిలోనే బండి వెనక్కి తిప్పించింది.

"ఒకటి ఎగ్గొట్టింది. డాక్టరు గట్టిగ తిట్టిండు, ఇంకొకటి తప్పితే నీళ్లు ఊపిరితిత్తులకు పోతయన్నడు" అన్నాడు నర్సింహారావు. ఆయన గొంతు అప్పటికి దిగింది.

"ఇయ్యాల అద్దాలన్ని దించి ఎట్లనో వచ్చి చేయించుకున్న. ఎల్లుండి మాత్రం రాను. ఈ కంపుల కక్కుకుంట సచ్చేకంటే ఇంట్ల మంచంల సస్త" అంది ఆవిడ, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.

ఇక నవ్వులాట నాకే ఆగిపోయింది. ఎల్లుండిలోపు ఆ ఇంజన్ నోరు ముయ్యాలి.

"ఎన్నాళ్లనుంచి గిట్ల? తెరమీద ఏమన్న రాసి చూపిస్తుందా?" అని అడిగాను.

శ్రీను ముందుకొచ్చాడు. "మెయింటెనెన్స్ అడుగుతుందన్నా. అడిగినప్పుడల్లా చేయించినం. ఆయిల్ మార్చినం, ఫిల్టర్లు మార్చినం, వాటర్ వాష్ కొట్టించినం. పాలిష్ గూడ పెట్టించినం. ఎంత మెయింటెనెన్స్ చేసినా మళ్లీ అడుగుతంది. దీనికి తృప్తి లేదు."

"ఏదీ, చూపించు."

స్టీరింగ్ వెనక తెరమీద ఎడమపక్కన భద్రాద్రి రాముడి స్టిక్కర్ అంటించి ఉంది.

"ఇక్కడ దేవుణ్ణెందుకు పెట్టినవ్ శ్రీనూ?"

"ఊకె పసుపురంగు అక్షరాలొస్తున్నయ్. బావ బెదురుతుండని."

"అంటే దాన్ని మూసెయ్యనీకి రాముణ్ణి డ్యూటీకి పెట్టినవా?"

దండం పెట్టుకుని స్టిక్కర్ నెమ్మదిగా తీసి డ్యాష్‌బోర్డు మీద అంటించాను. బండి ఆన్ చేస్తే అది మూసిన చోట కూడా అక్షరాలు కనిపించాయి. మెయింటెనెన్స్ ఉన్నమాట నిజమే. దానికి ముందు ఫ్యూయల్ అని ఇంకో మాట ఉంది. కింద చిన్న అక్షరాల్లో రెండు లైన్ల ఇంగ్లీషు. నా ఏడో తరగతి అక్కడికి పనిచేయలేదు. ఫొటో తీసి హైదరాబాద్‌లో ఇలాంటి కార్ల వర్క్‌షాప్‌లో ఇంజనీరుగా చేసే రఫీకి పంపాను. అతను ఫోన్ చేసి ముందు కడుపారా నవ్వాడు.

విషయం ఇది. పెట్రోలు ట్యాంకులో నెలల తరబడి పడి ఉంటే పాడవుతుంది, జిగురు కడుతుంది. ఎప్పుడూ కరెంటు మీదే తిరిగేవాళ్ల ట్యాంకులో పెట్రోలు అట్లాగే మురిగిపోతుందని కంపెనీవాళ్లు ముందే ఊహించి, ఒక ఏర్పాటు పెట్టారు. పెట్రోలు ఎప్పుడు పోశారో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. మరీ పాతదైతే ముందు అడుగుతుంది, ఒప్పుకోకపోతే కొన్నాళ్లు ఊరుకుంటుంది, ఆ తర్వాత ఇంజన్ తానే లేపి ఆ పాతది తగలబెడుతుంది. దాని పేరే ఫ్యూయల్ మెయింటెనెన్స్. కొత్త పెట్రోలు తగినంత పడేదాకా ఆపదు. మన దగ్గర మెయింటెనెన్స్ అంటే సర్వీసింగ్ కాబట్టి వీళ్లు దానికి స్నానాలు చేయించారు. అది కడుపు కడగమంటే వీళ్లు ఒళ్లు కడిగారు.

"ట్యాంకులో ఎంతుందన్నా?"

"ఫుల్" అన్నాడు నర్సింహారావు గర్వంగా. "కొని ఊరికి తెచ్చిన్నాడే ఫుల్ కొట్టించిన. నేనైతే చుక్క వాడలే."

నేను తల పట్టుకున్నాను. "పైపేసి గుంజుదామన్నా" అన్నాడు శ్రీను, అప్పటికే పైపు వెతుకుతూ. ఈ ట్యాంకు ట్రాక్టర్ ట్యాంకు కాదు. ఇంజన్ నెలలకొద్దీ తిరగకపోయినా ఆవిరి బయటికి పోకుండా ఒత్తిడితో మూసి ఉంటుంది, మూతిలో అడ్డుపట్టీ కూడా ఉంటుంది. నేను వద్దంటూనే ఉన్నాను, శ్రీను పైపు దూర్చి ఊపిరంతా పెట్టి గుంజాడు. పెట్రోలు రాలేదుగానీ కళ్లల్లో నీళ్లు వచ్చాయి.

రఫీ చెప్పిన దారి ఒక్కటే. బండి తిప్పి సగమన్నా కాల్చేయండి, తాజాది పోయండి. ఇకమీదట ట్యాంకు నింపొద్దు, కొంచెమే ఉంచి మారుస్తుండండి.

అక్కడ అడ్డం తిరిగాడు నర్సింహారావు. "ఫుల్ ఉండాల్సిందే. అమ్మకు అర్ధరాత్రి ఏమన్నయితే ఖమ్మం ఉరకాలె. అప్పుడు బంకు తీసి ఉంటదా? కరెంటు ఉంటదా? ఆ ట్యాంకు ఫుల్లుంటేనే నాకు కన్ను మూత పడతది."

"అన్నా, ఆ మురిగిన పెట్రోలు నమ్ముకుని ఖమ్మం పోతే వైరా కాడ ఆగుతవ్!"

"ఆగదు!"

"ఆగుతది!"

ఇట్లా ఎంతసేపు అరుచుకునేవాళ్లమో. వెనక సీట్లోంచి మాణిక్యమ్మ అందుకుంది. "ఒరేయ్ నర్సిగా. నా ఒంట్ల పాతది నిలవుంటదనే గదరా వారానికి మూడుసార్లు మిషన్ మీద ఏపిస్తున్నవ్? నాకు కడిగించి దానికి కడిగియ్యకుంటె అది మాత్రం కక్కదా? దానికీ నాకూ ఒకటే రోగం. పో, రేపు దానికి డయాలసిస్ జేపియ్."

నర్సింహారావు తల గోక్కుంటూ సరేనన్నాడు. రఫీ అంతసేపు ఫోన్లో చెప్పిందాన్ని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి ఇంట్లో ఉంచి మేం ముగ్గురం బయలుదేరాం. భద్రాచలం పోయి, పర్ణశాల చూసి రావడం. పెట్రోలు కాలుతుంది, రాముడికి క్షమాపణ కూడా చెప్పొచ్చు. అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. ఆ కారును తయారుచేసిందే పెట్రోలు కాల్చకుండా ఉండటానికి. దానితో పెట్రోలు కాల్పించడమంటే లోభితో విందు పెట్టించడమే. బ్యాటరీని ముట్టకుండా ఇంజన్ మీదే నడిపే హోల్డ్ మోడ్‌లో పెట్టాను. అయినా అడవిలో చిన్న దిగుడు వస్తే చాలు, ఇంజన్ ఆగిపోతుంది. బ్రేకు మీద కాలు పెడితే రీజెనరేటివ్ బ్రేకింగ్, అంటే చక్రాలే మోటారును తిప్పి బ్యాటరీకి కరెంటు పంపడం. మనం ఖర్చు పెడదామంటే అది జమ చేస్తుంది.

పైగా నడిపేది నర్సింహారావు. జీవితమంతా మైలేజీ కోసం కాలు ఆనీ ఆనకుండా తొక్కిన మనిషి.

"తొక్కన్నా!"

"తొక్కుతున్న గదా."

"చీమను తొక్కినట్టు తొక్కుతున్నవ్! పెట్రోలు తగలబెట్టనీకి వచ్చినమా, ఊరేగింపుకొచ్చినమా?"

"అలవాటు బోతలేదు యాకయ్యా. కాలు నా మాట ఇంటలేదు."

పాల్వంచ దాటాక ఆయన్ని దించి నేను కూర్చున్నాను. ఏసీ నిండుగా పెట్టి, స్పోర్ట్ మోడ్ నొక్కి, ఇంజన్‌ను గట్టిగా తిప్పాను. అద్దాలు దించితే పుల్లటి కంపు లోపలికి కొట్టింది. శ్రీను ముక్కు మూసుకున్నాడు. నర్సింహారావు మూసుకోలేదు. "గీ వాసనల్నేనా అమ్మను తీస్కపోయింది?" అన్నాడు.

తిరుగుదారిలో పెట్రోలు ముల్లు సగం కిందికి దిగింది. బంకులో ఆపాం. ఈ కారుకు ట్యాంకు మూత మీట నొక్కగానే రాదు, లోపలి ఒత్తిడి పోయేదాకా ఆగాలి. బంకు కుర్రాడు పైపు పట్టుకుని ఎదురుచూసి, "సార్, ఫుల్లా?" అన్నాడు.

"ఫు..." అన్నాడు నర్సింహారావు.

నేనూ శ్రీనూ ఒకేసారి ఆయన వైపు చూశాం. ఆయన ఆ మాట మింగి, "పది లీటర్లు చాలు తమ్మీ" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన పడ్డ కష్టం చూసి నాకు మొదటిసారి జాలేసింది. బండి మళ్లీ ఆన్ చేస్తే తెరమీద పసుపు అక్షరాలు లేవు.

ఇప్పుడు నర్సింహారావు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తల్లి లోపల మిషన్ మీద ఉన్న ఆ గంటల్లో కారు తీసుకుని అశ్వారావుపేట రోడ్డు ఎక్కుతాడు. ఇంజన్ మీద తిప్పి పెట్రోలు మారుస్తాడు, ఆమె లేచేసరికి అద్దాలన్నీ దించి వాసన పోగొట్టి గేటు దగ్గర నిలబెడతాడు. అది నా ఆలోచన కాదు, రఫీదీ కాదు, ఆయనదే.

ఇన్నేళ్లలో నేను నేర్చిందేమిటంటే, కస్టమర్ కోరింది బయటికి ఎంత పిచ్చిగా ఉన్నా దాని వెనక ఒక భయం ఉంటుంది. వైరు కోయమన్నా భయమే, ట్యాంకు నింపుతానన్నా భయమే. ఆ భయం ఎవరి కోసమో తెలిసేదాకా స్పానర్ ముట్టుకోకూడదు. మా లెక్కల సారు ఇది చెప్పలేదు. చెప్పినా నేను ఆ రోజు బడికి వెళ్లి ఉండను.

భద్రాచలం తిరిగొచ్చిన మర్నాడే ఆమె డయాలసిస్. మళ్లీ ఇంజన్ లేస్తుందేమోనన్న అనుమానంతో తిరుగు ప్రయాణంలో నన్నూ ఎక్కించుకున్నాడు. మాణిక్యమ్మ నీరసంగా వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. కాసేపయ్యాక కళ్లు తెరవకుండానే విసుక్కుంది.

"ఇంకెంతసేపురా నర్సిగా? జల్ది స్టార్ట్ చెయ్, ఇంటికి పోదాం."

నర్సింహారావు అద్దంలో ఆమెను చూశాడు. "కల్లూరు దాటినమే, అమ్మా."